పిల్లలు ఇంట్లో సరదాకి పుస్తకం చదవాలంటే ఏం చేస్తున్నారు? (విజయవాడ, గుంటూరు వాళ్లు చెప్పండి)

పటమట అమ్మ (సోమవారం, రాత్రి 9.40)
అందరికీ నమస్కారం. మావాడు ఐదో తరగతి. చదువులో బాగానే ఉంటాడు, మార్కులకి లోటు లేదు. కానీ పాఠ్యపుస్తకం తప్ప ఇంకోటి ముట్టుకోడు. పుస్తక మహోత్సవానికి తీసుకెళ్లి నీతికథలు, మహనీయుల జీవితాలు, సైన్సు ప్రయోగాలు అంటూ సంచీ నిండా కొన్నాం. అన్నీ షోకేసులో అట్ట నలగకుండా ఉన్నాయి. ఫోన్ చేతికిస్తే మాత్రం అన్నం కూడా అడగడు. వాళ్ల నాన్నగారికి ఆటోనగర్‌లో లారీల స్పేర్‌పార్టుల షాపు, రాత్రి పొద్దుపోతే గానీ ఇంటికి రారు. వీడు తనంతట తాను పుస్తకం తియ్యాలంటే ఏం చెయ్యాలి? "ముందు మీరు చదవండి, చూసి వాడు చదువుతాడు" అని ఇప్పటికే చాలామంది చెప్పారు. అది కాకుండా మీ ఇంట్లో నిజంగా పనిచేసింది ఏమన్నా ఉంటే చెప్పండి.

బ్రాడీపేట నాన్న (సోమవారం, రాత్రి 10.05)
మేడమ్, మా ఇంట్లో పనిచేసింది చెప్తాను. కొందరికి నచ్చకపోవచ్చు. పుస్తకం పూర్తి చేస్తే ఇరవై రూపాయలు. మా పాప ఏడో తరగతి. వేసవి సెలవుల్లో మొదలుపెట్టాం. ఫోన్ గోల తగ్గింది, ఎండలో బయట తిరగడం తగ్గింది, డబ్బు దాచుకుని తనే శంకర్‌విలాస్ సెంటర్ వైపు వెళ్లి రంగు పెన్నులు కొనుక్కుంటోంది. నాకైతే ఇందులో తప్పేం కనపడలేదు.

ఊరికే అడిగా (సోమవారం, రాత్రి 10.11)
డబ్బు ఆపేశాక కూడా చదువుతోందా సార్?

బ్రాడీపేట నాన్న (సోమవారం, రాత్రి 10.13)
ఇంకా ఆపలేదండీ. ఆపే ధైర్యం లేదు.

గుంటూరు కౌన్సెలర్ (సోమవారం, రాత్రి 10.50)
ఈ డబ్బుల విషయం మీద పాత ప్రయోగం ఒకటుంది. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు అమెరికాలో నర్సరీ పిల్లలతో చేశారు. స్కెచ్ పెన్నులతో బొమ్మలు వెయ్యడం అప్పటికే ఇష్టమున్న పిల్లల్ని తీసుకుని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి "బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు. రెండో గుంపుకి ముందు ఏమీ చెప్పకుండా, అంతా అయ్యాక ఇచ్చారు. మూడో గుంపుకి ఏమీ లేదు. కొన్నాళ్ల తర్వాత చూస్తే, బహుమతి ఆశ పెట్టించుకున్న గుంపు ఆ పెన్నుల జోలికి వెళ్లడం తగ్గింది. చెప్పకుండా ఇచ్చిన వాళ్లలో తగ్గలేదు.

దీన్ని పట్టుకుని "డబ్బిస్తే పిల్లలు పాడైపోతారు" అని చెప్పేవాళ్లున్నారు, నేను అంతదూరం వెళ్లను. అక్కడ పిల్లలకి ముందే ఇష్టం ఉంది, ఆ ఇష్టానికి రేటు కట్టడం వల్ల దెబ్బతింది. అసలు ఇష్టమే మొదలవ్వని పిల్లకి ఇరవై రూపాయలు తలుపు తియ్యొచ్చు. కానీ బ్రాడీపేట గారూ, మీ పాప ఇప్పుడు సన్న పుస్తకాలే ఏరుకుంటోందా, కొంచెం గమనించండి. పుస్తకానికి ఇంత అని లెక్క పెడితే పిల్లలు చేసే మొదటి పని అదే.

బ్రాడీపేట నాన్న (సోమవారం, రాత్రి 11.02)
అడిగారు కాబట్టి చెప్తున్నా, అవును. పోయిన వారం అన్నీ పదహారు పేజీలవే. పిల్లలు మనకన్నా తెలివైనవాళ్లు. పేజీకి ఇంత అని మారుద్దామా అనుకుంటున్నా.

సీతారాంపురం పిన్ని (సోమవారం, రాత్రి 11.04)
అప్పుడు పెద్ద అక్షరాల పుస్తకాలు తెచ్చుకుంటుంది లెండి.

రిటైర్డ్ తెలుగు మాస్టారు (మంగళవారం, ఉదయం 6.15)
పటమట అమ్మగారికి. ముందు ఒక పని చెయ్యండి. ఈరోజు పేపర్లో పిల్లాడికి నచ్చే వార్త ఏదైనా చూసి, నాలుగు వాక్యాలు పైకి చదివి పెట్టమనండి, కళ్లజోడు కనపడలేదనో మరోటనో ఏదో ఒక సాకు చెప్పి. తప్పులు పట్టుకోవద్దు. ఎంత కష్టపడుతున్నాడో చూడండి చాలు.

నేను సర్వీసంతా కృష్ణా, గుంటూరు జిల్లాల బళ్లలోనే చేశాను. ఇంగ్లీషు మీడియం పిల్లలకి తెలుగు బ్రహ్మాండంగా మాట్లాడటం వచ్చు. అక్షరాలూ గుణింతాలూ వచ్చు. ఒత్తుల దగ్గరే వస్తుంది చిక్కు. రెండు మూడు హల్లులు కలిసిన మాట వచ్చినప్పుడల్లా ఆగి కూడబలుక్కుంటారు. అలా వాక్యం చివరికి చేరేసరికి మొదట్లో ఏముందో మర్చిపోతారు. అలా చదివితే ఎంత గొప్ప కథైనా ఏం రుచిస్తుంది? వాడికి పుస్తకం అంటే ఇష్టం లేదని మనం అనుకుంటాం. వాడికి ఉన్న ఇబ్బంది అలుపు.

దీనికి నాకు తెలిసిన మందు ఒక్కటే, పెద్దవాళ్లు చదివి వినిపించడం. విచిత్రం ఏమిటంటే పిల్లాడికి కాస్త చదవడం వచ్చీ రాగానే ఇంట్లో వాళ్లు చదివి వినిపించడం ఆపేస్తారు, "ఇక నువ్వే చదువుకో" అని. అసలు అప్పుడే ఎక్కువ చదవాలి. పదేళ్లవాడు వింటే పెద్ద నవల కూడా అర్థం చేసుకుంటాడు. తనే చదవాలంటే ఇంకా రెండో తరగతి కథ దగ్గర ఉంటాడు. ఆ చిన్న కథ వాడి బుర్రకి ఆనదు, వాడికి కావలసిన కథ కంటికి అందదు. ఆ తేడా పూడేవరకూ మన గొంతు అరువివ్వాలి. పన్నెండేళ్లొచ్చినా సరే, వింటానంటే చదవండి.

చదివేటప్పుడు పుస్తకం ఇద్దరికీ కనపడేలా పట్టుకోండి. మీ వేలు వరస కింద కదులుతూ ఉంటే వాడి కళ్లు వెంట వస్తాయి. దొంగ దొరికిపోయే చోటో, పిల్ల బావి దగ్గరికి వెళ్లే చోటో ఆపేసి, పప్పు పొంగుతోందని వంటింట్లోకి వెళ్లిపోండి. పుస్తకం మంచం మీదే వదిలెయ్యండి. కొందరు పిల్లలు ఆ రోజే తీస్తారు, కొందరు నెలకి తీస్తారు, కొందరు మీరొచ్చేదాకా అలాగే కూచుంటారు. ఆ మూడో రకం పిల్లలు కూడా కథ వింటున్నట్టే లెక్క.

అన్నిటికన్నా ముఖ్యంగా, కథ అయ్యాక "దీన్నించి నీకేం తెలిసింది?" అని అడగొద్దు. బళ్లో మేం అడిగింది చాలు.

పటమట అమ్మ (మంగళవారం, ఉదయం 10.30)
మాస్టారూ, మీరు చెప్పినట్టే పొద్దున పేపర్ చదివించా. క్రికెట్ వార్త. ఇంగ్లీషు పేర్లు గబగబా వచ్చేశాయి, మిగతాది ఒక్కొక్క అక్షరం మీద నడిచాడు. నాకు ఇన్నాళ్లూ తెలీనేలేదు. తెలుగు పరీక్షలో తొంభై పైన వస్తాయి కదా అనుకున్నాను.

రిటైర్డ్ తెలుగు మాస్టారు (మంగళవారం, ఉదయం 11.00)
ప్రశ్న, జవాబు చూసి చూసి కంఠస్థం చేస్తే తొంభై వస్తాయమ్మా. కొత్త పేరా ఇచ్చి చదవమంటే అసలు సంగతి బయటపడుతుంది. కంగారేం లేదు, ఈ వయసులో ఇది త్వరగానే సర్దుకుంటుంది.

టెన్త్ అయిపోయింది (మంగళవారం, మధ్యాహ్నం 1.20)
నేను పిల్లల వైపు నుంచి వచ్చా. మీరందరూ పెద్దవాళ్లు కాబట్టి కోప్పడొద్దు.

నేను నాలుగో తరగతి దాకా తెగ చదివేదాన్ని. తర్వాత మా ఇంట్లో ఒక నోట్‌బుక్ పెట్టారు. పుస్తకం పేరు, రచయిత పేరు, కొత్త పదాలు పది, కథ సారాంశం పది వాక్యాలు, నీతి. కథ చదవడానికి అరగంట, నోట్‌బుక్ రాయడానికి గంట. బంధువులొస్తే ఆ నోట్‌బుక్ తెచ్చి చూపించేవాళ్లు. నేను చదవడం మానెయ్యలేదు, చదువుతున్నట్టు చెప్పడం మానేశా. స్కూల్ బస్సులో ఫ్రెండ్ దగ్గర తీసుకుని చదివి బస్సులోనే ఇచ్చేసేదాన్ని.

ఇంకోటి. మీరు కొనిచ్చే పుస్తకాల మీద "విజ్ఞానం", "వ్యక్తిత్వం", "స్ఫూర్తి" అని రాసుంటుంది. మీరు ఖాళీగా ఉన్నప్పుడు సీరియల్ చూస్తారు, వ్యక్తిత్వ వికాసం వీడియోలు చూస్తారా? మాకు దెయ్యాలవీ, డిటెక్టివ్‌వీ, జోకులవీ కావాలి.

ఊరికే అడిగా (మంగళవారం, మధ్యాహ్నం 1.31)
మా ఆవిడకి ఈ పోస్టు చదివి వినిపించా. ఇంట్లో ఉన్న నోట్‌బుక్ ఈ సాయంత్రం నుంచి చాకలి పద్దు రాసుకోవడానికట.

ఫౌండేషన్ బ్యాచ్ తండ్రి (మంగళవారం, రాత్రి 8.45)
అన్నీ బాగానే చెప్తున్నారు. మావాడు ఎనిమిదో తరగతి. పొద్దున్నే బస్సెక్కితే చీకటి పడ్డాక దిగుతాడు. స్నానం, అన్నం, హోంవర్కు. ఆదివారం టెస్టు. ఈ ఊళ్లో పిల్లల్ని ఎక్కడ చేర్పించినా ఇంతే, మా స్కూల్‌నొక్కదాన్ని అనేదేం లేదు. వాడికి దొరికే ఖాళీ మొత్తం కలిపితే అరగంట. ఆ అరగంటలో వాడు పడుకుని ఫోన్ చూస్తానంటే నేను వద్దని ఏ మొహం పెట్టుకుని చెప్పను? కథల పుస్తకం చదివితే ఎంట్రన్స్‌లో ర్యాంకు వస్తుందా?

సత్యనారాయణపురం (మంగళవారం, రాత్రి 9.30)
ర్యాంకు సంగతి నేను చెప్పలేను గానీ, 2000లో ఓఈసీడీ అనే దేశాల కూటమి వాళ్లు చాలా దేశాల్లో పదిహేనేళ్ల పిల్లలకి పిసా అనే పరీక్ష పెట్టారు. మన దేశం అందులో లేదు. అందులో తేలిన ఒక విషయం నాకు బాగా గుర్తుండిపోయింది. చిన్న ఉద్యోగాలు చేసుకునే ఇళ్లలో పుట్టినా ఇష్టంగా, రకరకాలుగా చదివే పిల్లలకి, పెద్ద ఉద్యోగస్తుల ఇళ్లలో పుట్టి చదవడం మీద మక్కువ లేని పిల్లల కన్నా సగటున మంచి మార్కులు వచ్చాయి. చదివి అర్థం చేసుకునే పరీక్షలో. లెక్కల పేపర్లో కూడా ప్రశ్న అర్థమైతేనే కదండీ లెక్క చేసేది.

టెన్త్ అయిపోయింది (మంగళవారం, రాత్రి 9.38)
చూశారా, మళ్లీ మార్కుల్లోకే తీసుకొచ్చారు.

సత్యనారాయణపురం (మంగళవారం, రాత్రి 9.41)
అడిగినాయన మార్కులే అడిగారు తల్లీ, నేనేం చెయ్యను.

సీతారాంపురం పిన్ని (మంగళవారం, రాత్రి 10.10)
ఫౌండేషన్ తండ్రిగారూ, మీ బాబుకి ఆ అరగంట అలాగే వదిలెయ్యండి. ఫోన్ లాక్కుని పుస్తకం చేతిలో పెడితే పుస్తకం శిక్ష అయిపోతుంది. మా అక్క కూతురికి పొద్దున నేనే జడలు వేస్తాను. రెండు జడలు వేసి రిబ్బన్లు కట్టేసరికి పావుగంట పడుతుంది, కదలకుండా కూచోవాలి కాబట్టి చేతిలో ఏదో ఒకటి ఉండాలి. ఒకప్పుడు ఫోన్ ఉండేది, ఛార్జింగ్ పెట్టానని చెప్పి బొమ్మల కథల పుస్తకం ఇచ్చాను. ఇప్పుడు జడ అయిపోయినా లేవదు, స్కూల్ ఆటో వాడు హారన్ కొట్టాల్సిందే. మీ బాబుకి జడ లేదు గానీ అన్నం తినే టైమ్ ఉంటుంది. మా పెద్దవాళ్లు తింటూ చదివితే తిట్టేవాళ్లు. నేను తిట్టను. పేజీకి పప్పు మరక అంటితే అంటింది.

కాలవగట్టు (బుధవారం, ఉదయం 7.00)
ఇన్ని పుస్తకాలు కొనడం గురించే మాట్లాడుతున్నారు. గ్రంథాలయాలు ఎవరికీ గుర్తు రాలేదు. మీ ఇంటిపన్ను రసీదు తీసి చూడండి, అందులో గ్రంథాలయ పన్ను ఉంటుంది. రూపాయి పన్నుకి ఎనిమిది పైసలు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కడుతూనే ఉన్నాం. కట్టిన దానికి ఒక్క పుస్తకమైనా తెచ్చుకున్నారా?

బెజవాడ వాళ్లకి ఈ మాట ఒకరు చెప్పాల్సిన పని లేదసలు. 1914 ఏప్రిల్‌లో ఆంధ్రదేశపు గ్రంథాలయాల వాళ్లంతా మొట్టమొదటిసారి కలుసుకున్నది ఇక్కడే. అయ్యంకి వెంకటరమణయ్య గారు జీవితమంతా గ్రంథాలయాల పని మీదే తిరిగారు. ఇక మా గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణం గారు 1935లో ఏకంగా పడవలో గ్రంథాలయం పెట్టారు. పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కాలవలో ప్రయాణం చేసేవాళ్లు ఆ పడవెక్కితే చదువుకోవడానికి పుస్తకాలు, పత్రికలు. ఎటూ కదల్లేని చోట కాలక్షేపానికి పుస్తకం అందుబాటులో పెట్టడం, అంతే. పిన్ని గారు జడ వేస్తూ చేస్తున్నది సరిగ్గా అదే.

ఊరికే అడిగా (బుధవారం, ఉదయం 7.45)
చరిత్ర బాగుంది మాస్టారూ. ఇప్పటి సంగతి కూడా చెప్పుకుందాం. మా దగ్గర ఉన్న శాఖా గ్రంథాలయానికి పిల్లల్ని తీసుకెళ్లా. కుర్చీలన్నీ పోటీ పరీక్షలకి చదివే కుర్రాళ్లతో నిండి ఉన్నాయి. పాపం వాళ్లకీ ఇంకో చోటు లేదు. పిల్లల పుస్తకాల బీరువాకి తాళం. అడిగితే "చింపేస్తారండీ" అన్నారు. మా చిన్నది రెండు నిమిషాలు గట్టిగా మాట్లాడేసరికి అందరూ తలెత్తి చూశారు. మళ్లీ వెళ్లలేదు.

కాలవగట్టు (బుధవారం, ఉదయం 8.20)
అది నిజమే, కాదనను. కానీ వేసవి సెలవుల్లో గ్రంథాలయాల్లో పిల్లలకి విజ్ఞాన శిబిరాలు పెడతారు, నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు ఉంటాయి. ఆ రోజుల్లో బీరువాలు తెరిచే ఉంటాయి, పిల్లల గోలని కూడా ఓర్చుకుంటారు. అప్పుడు వెళ్లి సభ్యత్వం తీసుకోండి. అక్కడ కూచుని చదవక్కర్లేదు, ఇంటికి తెచ్చుకోవచ్చు. పోటీ పరీక్షల కుర్రాళ్లకి ఇబ్బంది ఉండదు. ఆ పై మాట, నేను మాస్టారిని కాదండీ, కాలవల శాఖలో పనిచేసి దిగాను.

గుంటూరు వాళ్లు బృందావన్ గార్డెన్స్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లినప్పుడు అక్కడున్న అన్నమయ్య గ్రంథాలయం కూడా చూపించండి. పిల్లల కోసం పెట్టింది కాదు, పరిశోధన చేసేవాళ్లకీ పెద్దలకీ ఎక్కువ పనికొస్తుంది. అయినా ఒకేచోట అన్ని పుస్తకాలు ఉంటాయని పిల్లలు ఒకసారి కళ్లతో చూస్తే బాగుంటుంది.

తెనాలి తాత (బుధవారం, ఉదయం 9.15)
మాకు ఇవేవీ అక్కర్లేకపోయింది, చందమామ ఉండేది. 1947 జులైలో మొదలైంది. పెట్టిన ఇద్దరిలో చక్రపాణి గారు మా తెనాలి ఆయన, చాలాకాలం దాన్ని నడిపించిన కొడవటిగంటి కుటుంబరావు గారిదీ మా ఊరే, అందుకని మాకు కొంచెం పొగరు. నెల మొదట్లో ఇంటికి రాగానే ముందు ఎవరు చదవాలని కొట్టుకునేవాళ్లం. తర్వాత మా పిల్లలకి విశాలాంధ్రలో రష్యన్ బొమ్మల పుస్తకాలు కొన్నాను. మాస్కో నుంచి తెలుగులో అచ్చై వచ్చేవి. గట్టి అట్ట, నున్నటి కాగితం, ధర మాత్రం రెండు మూడు రూపాయలు. 1991లో సోవియట్ దేశమే పోయింది, పుస్తకాలూ పోయాయి. వాటిలో కొన్నిటిని 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్లు మళ్లీ వేశారు, మనవరాలికి తెప్పించాను.

గమనించారా, చందమామలో ప్రతి కథకీ నీతి ఉండేదేమో గానీ ఎవరూ మమ్మల్ని అడగలేదు.

బ్రాడీపేట నాన్న (బుధవారం, ఉదయం 9.40)
బాబాయిగారూ, ఆ పాత సంచికలు నెట్‌లో స్కాన్ చేసి ఉన్నాయట కదా, ఎవరైనా లింక్ పెడతారా?

నిర్వాహకులు (బుధవారం, ఉదయం 10.00)
దయచేసి స్కాన్ కాపీల లింకులు, పీడీఎఫ్‌లు ఇక్కడ పెట్టొద్దు. ఉచితంగా చదవడానికి అనుమతి ఉన్నవి అయితే పర్లేదు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ సైట్లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా ఉన్నాయి, చదవచ్చు, ప్రింట్ తీసుకోవచ్చు. ఒకటి నుంచి నాలుగు దాకా స్థాయిలు ఉంటాయి. ఒత్తుల దగ్గర ఆగే పిల్లలకి మొదటి రెండు స్థాయిలు సరిపోతాయి.

మంగళగిరి రోడ్డు (బుధవారం, మధ్యాహ్నం 12.10)
ఫోన్‌ని శత్రువుని చెయ్యకండి. టీవీలో పాట వస్తుంటే కింద అదే భాషలో సాహిత్యం వేస్తే, చూసేవాళ్లు తెలియకుండానే చదువుతారని బ్రిజ్ కొఠారి అనే ఆయన 1990లలో అహ్మదాబాద్ ఐఐఎంలో మొదలుపెట్టి చాలా ఏళ్లు పనిచేశారు. మేం ఇంట్లో తెలుగు అక్షరాల్లో సాహిత్యం వచ్చే పాటల వీడియోలు పెడతాం. మా పాప ముందు పాట నోటికి వచ్చి పాడుతుంది, తర్వాత ఆ అక్షరాలు చూస్తూ పాడుతుంది. ఒత్తుల ఇబ్బంది అక్కడే వదిలింది. తెలుగు సబ్‌టైటిల్స్ ఉన్న సినిమా దొరికితే ఇంకా మంచిది, చాలావాటికి ఇంగ్లీషువే ఉంటాయి.

రిటైర్డ్ తెలుగు మాస్టారు (బుధవారం, మధ్యాహ్నం 12.40)
ఇది నాకు కొత్త. సినిమా పాటతో ఒత్తులు నేర్పొచ్చని తెలిస్తే సర్వీసులో ఉండగానే చేసేవాణ్ణి, హెడ్మాస్టారు ఊరుకుంటే.

నల్లపాడు అమ్మ (బుధవారం, మధ్యాహ్నం 3.05)
మా సమస్య కొంచెం వేరు. మా బాబుకి తొమ్మిదేళ్లు. ఇంగ్లీషైనా తెలుగైనా వరసలు వదిలేస్తాడు. ఒకే మాట పై పేజీలో సరిగ్గా చదివి కింది పేజీలో తప్పు చదువుతాడు. నోటితో ఏది అడిగినా టకటకా చెప్తాడు. టీచర్లు బద్ధకం అంటున్నారు. ఇంట్లో చదివి వినిపిస్తే ఇష్టంగా వింటాడు, పుస్తకం ఇస్తే మాత్రం ఏడుపే. వాళ్ల నాన్న ఒకసారి చెయ్యి చేసుకున్నారు కూడా.

గుంటూరు కౌన్సెలర్ (బుధవారం, సాయంత్రం 5.30)
అమ్మా, ఈ పరిస్థితిలో ఇక్కడ చెప్పిన చిట్కాలేవీ ముందు ప్రయత్నించకండి. మొదట కంటి డాక్టర్‌కి చూపించండి, తర్వాత చెవి కూడా. అవి బాగుంటే చదవడంలో ప్రత్యేకమైన ఇబ్బంది, డిస్లెక్సియా లాంటిది, ఉందేమో పరీక్ష చేయించాలి. పిల్లల మానసిక నిపుణులు చేస్తారు. పెద్దాసుపత్రి పిల్లల విభాగంలో అడిగితే ఎక్కడికి వెళ్లాలో చెప్తారు. మాటలో చురుకు, అక్షరాల దగ్గర తడబాటు, రెండూ కలిసి కనిపిస్తే బద్ధకం అని కొట్టిపారెయ్యకూడదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఈ నేర్చుకునే ఇబ్బందుల్ని కూడా చేర్చారు, కాబట్టి సర్టిఫికెట్ ఉంటే స్కూల్ వాళ్లు పట్టించుకోక తప్పదు. మీవారికి చెప్పండి, కొడితే అక్షరాలు నిలబడవు, భయం నిలబడుతుంది. వినిపించడం మాత్రం ఆపొద్దు, రోజూ చదవండి. కథలంటే వాడికి ఉన్న ఇష్టం పోకుండా చూసుకోవాలి ముందు.

నల్లపాడు అమ్మ (బుధవారం, సాయంత్రం 5.52)
చాలా థాంక్స్ అండీ. శనివారం కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తా.

పటమట అమ్మ (గురువారం, రాత్రి 9.20)
ఒక సందేహం. నిన్న రాత్రి కథ చదువుతుంటే అరపేజీ కూడా అవ్వకముందే "అమ్మా, ఈ లారీకి టైర్లు ఎన్నుంటాయో తెలుసా" అని వాళ్ల నాన్న షాపు నుంచి తెచ్చిన కేటలాగ్ తీసుకొచ్చాడు. అంతా ఇంగ్లీషే. ఇంజిన్ పేర్లు, గేర్లు, లోడు లెక్కలు, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. వాడు మాత్రం నాకు వివరంగా చదివి చెప్పాడు. ఇంత ఓపిక వీడికుందని నాకు తెలీదు. కానీ అది కేటలాగ్ కదా, చదవడం కింద లెక్కా?

టెన్త్ అయిపోయింది (గురువారం, రాత్రి 9.24)
అక్కా, లెక్కే. వంద శాతం లెక్క.

సత్యనారాయణపురం (గురువారం, రాత్రి 9.50)
నేను కొంచెం అడ్డం పడతాను. కేటలాగ్ మంచిదే, క్రికెట్ పేజీ మంచిదే. కానీ వాటి దగ్గరే వదిలేస్తే పిల్లలు అక్కడే ఉండిపోతారు. మా అన్నయ్య కొడుకు ఇంటర్‌కి వచ్చినా స్కోరుకార్డు తప్ప ఏమీ చదవడు. కథలో ఇంకొకళ్ల మనసులోకి దూరి చూడటం ఉంటుంది, టైర్ల లెక్కలో అది ఉండదు కదా.

రిటైర్డ్ తెలుగు మాస్టారు (శుక్రవారం, ఉదయం 6.05)
ఇద్దరూ నిజమే చెప్పారు గానీ ఈ అబ్బాయికి పదేళ్లే. ముందు కేటలాగ్ మొత్తం చదవనివ్వండి. తర్వాత లారీ డ్రైవర్ కథ ఏదైనా, దూరప్రయాణం ఉన్నది చూసి మీరు చదివి వినిపించండి. వాడికి తెలిసిన బండి కథలో కనపడితే వింటాడు. వాళ్ల నాన్నగారు రాత్రి పొద్దుపోయి వస్తారన్నారు కదా, ఆదివారం ఒక్క పూట ఆయన్ని కూచోబెట్టి ఆ కేటలాగ్ పిల్లాడితో కలిసి చదవమనండి. చాలా ఇళ్లలో పుస్తకాల బాధ్యత అమ్మలదే అయిపోయింది. మగపిల్లలు దాన్ని చూస్తూనే పెరుగుతారు.

పటమట అమ్మ (శుక్రవారం, ఉదయం 10.15)
ఆయనకి చెప్పాను. "నేనేం చదువుతాను, నాది టెన్త్ ఫెయిల్" అన్నారు. వాడికి తెలియని పార్టుల పేర్లు మీకే తెలుసు కదా అన్నాను. ఏమీ అనలేదు, పాత కేటలాగులు ఇంకో రెండు తెచ్చి టేబుల్ మీద పెట్టారు.

సీతారాంపురం పిన్ని (శుక్రవారం, ఉదయం 11.30)
లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల షాపులకి మీవాణ్ణి తీసుకెళ్లండి. బళ్ల మీద ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలు, మేగజైన్లు తక్కువలో దొరుకుతాయి. వాడి చేతికి వంద రూపాయలిచ్చి మీరు రోడ్డుకి ఇవతలే నిలబడండి. వాడేది తెచ్చుకున్నా నోరెత్తకండి, దెయ్యాలదైనా సరే. ఏలూరు రోడ్డు కొత్త పుస్తకాల షాపుల్లో పిల్లలు ముట్టుకుంటే మనకి టెన్షన్, అక్కడ ఆ టెన్షన్ ఉండదు. ఎలాగూ నలిగిన పుస్తకాలే. జనవరి పుస్తక మహోత్సవంలో కూడా ఈసారి సంచీ వాడికే ఇవ్వండి.

బ్రాడీపేట నాన్న (శుక్రవారం, మధ్యాహ్నం 2.00)
ఒక అప్‌డేట్. పేజీకి ఇంత అనే ఆలోచన మానేశా. మొత్తం డబ్బే ఆపేస్తానంటే మా పాప బేరానికొచ్చింది. "డబ్బొద్దు గానీ రాత్రి లైట్ అరగంట ఎక్కువసేపు ఉంచుకోనివ్వు, ఏం చేస్తున్నావని చూడ్డానికి రావద్దు" అంది. ఒప్పుకున్నాం. ఏం చేస్తోందో నిజంగా తెలీదు. లైట్ అయితే వెలుగుతోంది.

గుంటూరు కౌన్సెలర్ (శుక్రవారం, మధ్యాహ్నం 2.25)
ఇది మంచి బేరం. తలుపు దగ్గరికి వెళ్లకండి.

మంగళగిరి రోడ్డు (శుక్రవారం, రాత్రి 8.10)
మా అపార్ట్‌మెంట్లో నెలకొక ఆదివారం సెల్లార్‌లో చాప వేసి పిల్లల పుస్తకాలు మార్పిడి పెడదామనుకుంటున్నాం. ఎవరి పుస్తకం వాళ్లు తెస్తారు, నచ్చింది పట్టుకెళ్తారు. పెద్దవాళ్లు ఎంపిక చెయ్యకూడదు, అదొక్కటే షరతు. చుట్టుపక్కల వాళ్లు రావచ్చు, మెసేజ్ పెట్టండి.

ఫౌండేషన్ బ్యాచ్ తండ్రి (శుక్రవారం, రాత్రి 9.55)
ఆదివారం టెస్టు మధ్యాహ్నానికి అయిపోతుంది. సాయంత్రం పెడితే మావాణ్ణి తీసుకొస్తా. క్రికెట్ పుస్తకాలు ఏమన్నా వస్తే ఒకటి పక్కన పెట్టండి, ఇంగ్లీషైనా పర్లేదు. ఇచ్చేందుకు మా దగ్గర అన్నీ ఎంట్రన్స్ గైడ్లే ఉన్నాయి, అవి తీసుకుంటారా?

మంగళగిరి రోడ్డు (శుక్రవారం, రాత్రి 10.02)
గైడ్లు వద్దు సార్. ఊరికే రండి, ఐదింటికి.